కీబోర్డులోకి బ్యాకప్ ఎక్కడానికి నాలుగు నిమిషాలు ఎందుకు పడుతోంది?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. దేవరకొండలో మీ ఆర్కెస్ట్రాకు ఒక పాత కీబోర్డు ఉంది. దానికి యూఎస్‌బీ లేదు, వెనక అయిదు పిన్నుల గుండ్రటి మిడి సాకెట్లు మాత్రమే ఉన్నాయి (మిడి అంటే వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి). ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన యూఎస్‌బీ మిడి కేబుల్‌తో దాన్ని విండోస్ ల్యాప్‌టాప్‌కు కలిపారు. కీబోర్డులోని టోన్లన్నీ కంప్యూటర్‌లోకి రావడానికి అర నిమిషం పట్టింది, 96 కిలోబైట్ల ఫైలు తయారైంది. అదే ఫైలును తిరిగి కీబోర్డులోకి పంపబోతే దాదాపు నాలుగు నిమిషాలు పడుతోంది. అదైనా పూర్తవుతుందన్న నమ్మకం లేదు, ఒక్కోసారి చెక్‌సమ్, అంటే డేటా సరిగా చేరిందో లేదో చూసే లెక్క, తప్పిందంటూ మధ్యలోనే ఆగిపోతోంది. పైగా ల్యాప్‌టాప్‌లోని పియానో సాఫ్ట్‌వేర్‌ను ఈ కీబోర్డుతో వాయిస్తే కీ నొక్కిన కాసేపటికి గాని శబ్దం రావడం లేదు. మీరు రికార్డు చేసిన డప్పు దెబ్బలను మిత్రుడి పాత శాంప్లర్‌లోకి (రికార్డు చేసిన శబ్దాలను వాయించే పరికరం) ఈ మిడి తీగ మీదుగానే పంపవచ్చా అన్నది మూడో ప్రశ్న. చివర్లో, కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని అడిగారు.

ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకండి. మీరు ఒకే జబ్బు అనుకుంటున్నవి రెండు వేర్వేరు జబ్బులు. వాటిలో రెండోదానికి, అంటే శబ్దం ఆలస్యానికి, మిడితో సంబంధమే లేదు.

ముందు లెక్క చూద్దాం. మిడి తీగ పుట్టుకతోనే నెమ్మది. 1983లో ఈ పద్ధతి ఖరారైనప్పుడు పెట్టిన వేగం సెకనుకు 31,250 బిట్లు. అయిదు పిన్నుల తీగలో ఇవాళ్టికీ అదే వేగం. ప్రతి బైట్‌కూ ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్ చేరతాయి కాబట్టి ఎనిమిది బిట్ల సరుకు పంపడానికి పది బిట్ల కాలం ఖర్చవుతుంది. అంటే సెకనుకు 3,125 బైట్లు. బైట్‌కు 320 మైక్రోసెకన్లు. ఇంతకు మించి ఒక్క బైట్ కూడా ఎక్కువ పోదు. అంగుళం పైపుకు ఎన్ని హార్స్‌పవర్ల మోటారు బిగించినా పైపు పట్టినన్ని నీళ్లే పారతాయి, ల్యాప్‌టాప్ మార్చడమూ అలాంటిదే.

మీ ఫైలు 96 కిలోబైట్లు, అంటే 98,304 బైట్లు. 3,125తో భాగిస్తే 31 సెకన్ల పైచిలుకు వస్తుంది. కీబోర్డు నుంచి రావడానికి అర నిమిషం పట్టిందన్నారు. లెక్క చక్కగా కుదిరింది. ఆ దిశలో కీబోర్డు, కేబుల్, ల్యాప్‌టాప్ మూడూ తీగకు సాధ్యమైనంత వేగంతో పనిచేస్తున్నాయి. ఎవరైనా మిడి నెమ్మదిగా ఉందని చెబితే నేను ముందు అడిగేది ఫైలు సైజు, పట్టిన సమయం. ఆ రెండూ తెలియకుండా డ్రైవర్లు తీసేసి మళ్లీ వేసుకోవడం, విండోస్‌నే మార్చేయడం లాంటి సలహాలు ఇచ్చేవారి మాట పట్టించుకోకండి.

ఇప్పుడు తిరుగు ప్రయాణం చూడండి. 31 సెకన్లలో అయిపోవాల్సిన పనికి నాలుగు నిమిషాలు పడుతోందంటే, దాదాపు రెండు వందల సెకన్ల పాటు తీగ మీద ఏమీ పోకుండా ఖాళీగా ఉంటోందన్నమాట. తీగ తనంతట తాను ఖాళీగా ఉండదు, పంపేవాడు ఆగుతున్నాడు. మిడి-ఆక్స్ లాంటి ప్రోగ్రాముల్లో సిస్‌ఎక్స్ (నోట్లు కాక టోన్ల లాంటి డేటాను మోసే మిడి సందేశాలు) సెట్టింగుల్లోకి వెళితే, ఎన్ని బైట్ల చొప్పున పంపాలి, ఒక్కో విడత తర్వాత ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలి అని రెండు గళ్లు కనిపిస్తాయి. మీ దాంట్లో 256 బైట్లు, 500 మిల్లీసెకన్లు అని ఉంటుందని నా అనుమానం. 98,304ను 256 చొప్పున విడగొడితే 384 విడతలు. విడతకు అర సెకను చొప్పున 192 సెకన్లు విరామానికే పోతాయి. దానికి అసలు ప్రయాణం 31 సెకన్లు కలపండి. మూడు నిమిషాల 43 సెకన్లు. మీరు చెప్పిన నాలుగు నిమిషాలకు ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం అనుకోను. చెక్‌సమ్ తప్పుతోందని ఎవరికైనా చెప్పి ఉంటారు, వారు విరామం పెంచమని ఉంటారు. మీరు పెంచుకుంటూ పోయారు.

సలహా పూర్తిగా తప్పేమీ కాదు, పెట్టిన చోటు తప్పింది. ఎందుకో తెలియాలంటే ఆ ఫైలు లోపల ఏముందో చూడాలి. బల్క్ డంప్, అంటే టోన్లన్నీ ఒక్కసారిగా పంపిన ఈ బ్యాకప్, పైకి ఒకే ఫైలుగా కనిపించినా చాలా కీబోర్డుల్లో అది వందల కొద్దీ చిన్న సందేశాల వరస. ప్రతి సందేశం ఎఫ్0 అనే బైట్‌తో మొదలై ఎఫ్7తో ముగుస్తుంది. మొదటి బైట్ తర్వాత తయారీదారు సంఖ్య ఉంటుంది. రోలాండ్‌ది 41, కోర్గ్‌ది 42, యమహాది 43, అన్నీ పదహారు ఆధారపు లెక్కలో. తర్వాత మెమరీలో ఎక్కడ రాయాలో చెప్పే చిరునామా, ఆపైన డేటా, ఎఫ్7కు సరిగ్గా ముందు చెక్‌సమ్. రోలాండ్ పద్ధతిలో చిరునామా, డేటా, చెక్‌సమ్ అన్నీ కూడితే వచ్చే మొత్తం 128తో నిశ్శేషంగా భాగింపబడాలి. మధ్యలో ఒక్క బైట్ జారిపోయినా ఆ మొత్తం కుదరదు, కీబోర్డు ఆ సందేశాన్ని తిరస్కరిస్తుంది.

పాత కీబోర్డులోని ప్రాసెసర్ ఒక సందేశం అందుకున్నాక దాన్ని విప్పి, సరిచూసి, మెమరీలో రాసుకోవాలి. ఆ పని ముగిసేలోపు తర్వాతి సందేశం వచ్చిపడితే దాని చిన్న బఫర్ (వచ్చిన డేటాను కాసేపు పట్టి ఉంచే జాగా) నిండిపోయి బైట్లు పొర్లిపోతాయి. కాబట్టి దానికి ఊపిరి తీసుకునే వ్యవధి కావాల్సింది సందేశానికీ సందేశానికీ మధ్య, అంటే ఎఫ్7 తర్వాత. బైట్లు లెక్కపెట్టి ప్రతి 256కు ఒకసారి ఆపితే, ఆ ఆగడం చాలాసార్లు ఒక సందేశం నడుమ పడుతుంది. సందేశం ముగిసిన చోట మాత్రం విరామం లేకుండా తర్వాతిది దూసుకుపోతుంది. సందేశం మధ్యలో ఎక్కువసేపు మౌనం ఉంటే డేటా ఇక రాదనుకుని కొన్ని కీబోర్డులు దాన్ని వదిలేస్తాయి కూడా. మీరు అర సెకను ఆగినా చెక్‌సమ్ తప్పుతూనే ఉండటానికి కారణం ఇదే కావచ్చు.

చేయాల్సింది ఇది. బఫర్ల మధ్య, అంటే విడతల మధ్య, విరామాన్ని సున్నా చేయండి. ఎఫ్7 తర్వాత ఆగే ఎంపికను ఆన్ చేసి అక్కడ 60 మిల్లీసెకన్లు పెట్టండి. ఒక్కో సందేశం సుమారు 256 బైట్లయితే మొత్తం విరామం 23 సెకన్లు అవుతుంది. ప్రయాణంతో కలిపి నిమిషం లోపు పని ముగుస్తుంది. అది నాలుగైదుసార్లు తప్పు లేకుండా ఎక్కితే 40కి, ఆ తర్వాత 20కి తగ్గించి చూడండి. తప్పు వచ్చిన చోట ఒక మెట్టు వెనక్కి వచ్చి అక్కడే ఉంచేయండి. మీ కీబోర్డు మాన్యువల్ చివరి పేజీల్లో, సాధారణంగా ఎవరూ తిప్పని చోట, రెండు సందేశాల మధ్య ఎంత వ్యవధి ఉండాలో రాసి ఉండవచ్చు. అది దొరికితే ఈ ప్రయోగమే అక్కర్లేదు.

ఇంత చేశాకా చెక్‌సమ్ తప్పుతుంటే అప్పుడు కేబుల్‌ను అనుమానించండి. నాకు చవక యూఎస్‌బీ మిడి కేబుళ్ల మీద మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. నోట్లు వాయించడానికి ఎన్నాళ్లయినా బాగానే పనిచేస్తాయి, ఎందుకంటే ఒక నోటు మూడు బైట్లే. సిస్‌ఎక్స్ ధారగా వచ్చినప్పుడే వాటి బండారం బయటపడుతుంది. యూఎస్‌బీ వైపు నుంచి డేటా ఒక్కసారిగా కుప్పగా వస్తుంది, రెండో వైపు సెకనుకు 3,125 బైట్లే పోతాయి. కుప్పను పట్టి ఉంచే జాగా కేబుల్ మధ్యలోని డబ్బీలో ఉండాలి, లేదా జాగా నిండిందని కంప్యూటర్‌ను ఆపే తెలివైనా ఉండాలి. చవక వాటిలో చాలావాటికి రెండూ ఉండవు, మిగిలింది పారేస్తాయి.

ఆ ప్లాస్టిక్ డబ్బీని స్క్రూడ్రైవర్‌తో విప్పి చూడండి, పెద్ద కష్టం కాదు. బొటనవేలంత బోర్డు, దాని మీద ఒక నల్లటి చిప్, ఒకటి రెండు ఎల్‌ఈడీలు ఉంటాయి. మిడి ఇన్ తీగ వచ్చి అతికిన చోట ఇంకో చిన్న చిప్ ఉందా అని వెతకండి. దాన్ని ఆప్టో ఐసొలేటర్ అంటారు. లోపల ఒక ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఎదురుగా ఉన్న సెన్సార్ ఆ వెలుగును చదువుతుంది. విద్యుత్తు పరంగా రెండు పరికరాలూ ఒకదాన్నొకటి తాకవు. మిడి ఇన్‌కు అది తప్పనిసరి అని మొదటి నుంచీ నియమం ఉంది. నా దగ్గరకు వచ్చిన కొన్ని కేబుళ్లలో ఆ చోట రెండు రెసిస్టర్లు పెట్టి తీగను నేరుగా చిప్‌కు కలిపేశారు. ఇంట్లో దాంతో పెద్దగా తేడా తెలియకపోవచ్చు. చెరువుగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో జనరేటర్ మీద నడిచే స్టేజీ ఎక్కితే మాత్రం ఎర్తింగ్ సరిగా లేని మిక్సర్, ల్యాప్‌టాప్ ఛార్జర్, కీబోర్డు మూడూ ఒక గొలుసై స్పీకర్లలో గుంయ్‌మనే హోరు మొదలవుతుంది. అదే తీగలో డేటా కూడా చెడుతుంది. యూఎస్‌బీతో నేరుగా కలిసే కొత్త కీబోర్డుల్లోనూ ఈ హోరు రావచ్చు, యూఎస్‌బీలో ఆ వేరుచేసే ఏర్పాటు లేదు కాబట్టి. అప్పుడు ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. హోరు ఆగితే కారణం తెలిసినట్టే.

కేబుల్ మంచిదో కాదో తేల్చుకోవడానికి కీబోర్డు కూడా అవసరం లేదు. కేబుల్ రెండు ప్లగ్గుల్లోని నాలుగో పిన్నును నాలుగో పిన్నుకు, అయిదో పిన్నును అయిదో పిన్నుకు రెండు చిన్న వైరు ముక్కలతో కలపండి. ఇప్పుడు కంప్యూటర్ పంపింది కంప్యూటర్‌కే తిరిగి వస్తుంది. విరామాలన్నీ తీసేసి మీ 96 కిలోబైట్ల ఫైలును పంపండి. 31, 32 సెకన్లలో సరిగ్గా 98,304 బైట్లు తిరిగి వస్తే కేబుల్ నిర్దోషి. ఒక్క బైట్ తగ్గినా దాన్ని నోట్లు వాయించడానికి ఉంచుకుని, బ్యాకప్ పనికి పేరున్న కంపెనీ మిడి ఇంటర్‌ఫేస్ ఒకటి కొనండి. హైదరాబాద్ వెళ్లి కొనేటట్లయితే ఈ ఫైలునూ వైరు ముక్కలనూ వెంట తీసుకెళ్లి దుకాణంలోనే పరీక్షించండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మిగిలిన చిన్న విషయాలు. కేబుల్‌ను యూఎస్‌బీ హబ్‌కు కాక ల్యాప్‌టాప్‌కే నేరుగా పెట్టండి. విండోస్ డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌కు కరెంటు ఆదా కోసం ఆపేసే అనుమతి ఉంటుంది, దాన్ని తీసేయండి. ఒక ప్రోగ్రాం మిడి పోర్టును పట్టుకుని ఉంటే విండోస్‌లో రెండోదానికి అది దొరకకపోవచ్చు, కాబట్టి బ్యాకప్ సమయంలో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను మూసేయండి. అయిదు పిన్నుల తీగ 15 మీటర్లు మించకూడదు. పాత టేప్‌రికార్డర్ల ఆడియో తీగలకూ అచ్చం ఇలాంటి ప్లగ్గే ఉంటుంది కాని లోపలి కనెక్షన్లు వేరుగా ఉండవచ్చు, ఇంట్లో దొరికిందని వాడకండి.

తీగ మీద వచ్చే బైట్లను చూపే మిడి మానిటర్ తెరిచినప్పుడు ఏమీ వాయించకపోయినా ఎఫ్ఈ, ఎఫ్ఈ, ఎఫ్ఈ అంటూ వరస పారుతుంటే కంగారు పడకండి. అది యాక్టివ్ సెన్సింగ్, నేనింకా ఉన్నాను అని కీబోర్డు సెకనులో మూడో వంతు కూడా గడవకుండా చెప్పుకోవడం. దానివల్ల వేగం తగ్గుతుందని చాలామంది అంటారు. సెకనుకు నాలుగు బైట్లతో ఏం తగ్గుతుంది? తాళం వేగాన్ని చెప్పే మిడి క్లాక్ కూడా 120 టెంపోలో సెకనుకు 48 బైట్లే. వీటివల్ల వచ్చే చిక్కు వేగానిది కాదు. సిస్‌ఎక్స్ సందేశం నడుమ ఇవి దూరడానికి మిడి నియమాలు ఒప్పుకుంటాయి, చవక కేబుళ్లలోని చిప్‌లు మాత్రం తికమకపడి సందేశాన్ని పాడుచేస్తాయి. అందుకని బ్యాకప్ వేళ రెండింటినీ ఆపేసే వీలుంటే ఆపేయండి.

ఇక కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా రావడం. ఒక నోటు తీగ మీద ప్రయాణించడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. పది వేళ్లతో ఒకేసారి నొక్కినా ముప్పై బైట్లు, అంటే పది మిల్లీసెకన్ల లోపు. మీకు చెవికి తెలిసేంత ఆలస్యం వస్తోందంటే అది మిడి దాటిపోయాక, ల్యాప్‌టాప్ శబ్దం తయారుచేసి బయటకు పంపేచోట జరుగుతోంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో ఆడియో బఫర్ 1,024 శాంపిళ్లుగా (శబ్దాన్ని సెకనుకు వేల సార్లు కొలిచిన విలువలు) ఉంటే ఒక్క బఫర్ నిండటానికే 23 మిల్లీసెకన్లు. అలాంటివి రెండు మూడు వరసగా ఉంటాయి, విండోస్ మామూలు ఆడియో దారి పైన ఇంకొంత కలుపుతుంది. విండోస్ మామూలు ఆడియో దారిని తప్పించే అస్యో (ASIO) డ్రైవర్ వేసుకుని బఫర్‌ను 128కి దించితే బఫర్‌కు మూడు మిల్లీసెకన్లే అవుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని సొంత డ్రైవర్ వాడండి, లేకపోతే అస్యో4ఆల్ ఉచితంగా దొరుకుతుంది. 128లో శబ్దం చిటపటలాడితే 256 పెట్టుకోండి. బ్లూటూత్ స్పీకర్‌లో వింటూ ఉంటే మాత్రం ఈ పాట్లన్నీ వృథా. దానిదే వంద మిల్లీసెకన్ల పైన ఉంటుంది. వైరు పెట్టండి.

అన్నట్టు, గాలిలో శబ్దం పది మిల్లీసెకన్లకు మూడున్నర మీటర్లు కూడా పోదు. స్టేజీ మీద స్పీకర్ మీకు పది మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 30 మిల్లీసెకన్ల ఆలస్యం మీరు ఏ కంప్యూటరూ లేకుండానే మోస్తున్నారు. మానిటర్ స్పీకర్‌ను దగ్గర పెట్టుకోవడం కొన్నిసార్లు కొత్త ఇంటర్‌ఫేస్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఒకే కీకి నోటు రెండుసార్లు మోగడం, ఒక్కోసారి ఆగకుండా మోగుతూ ఉండిపోవడం కూడా కనిపిస్తే అది ఆలస్యం కాదు. కీబోర్డు పంపిన నోటును సాఫ్ట్‌వేర్ మళ్లీ దానికే తిప్పి పంపుతోంది. కీబోర్డులో లోకల్ కంట్రోల్‌ను (కీ నొక్కగానే కీబోర్డు తానే మోగే ఏర్పాటు) ఆఫ్ చేయండి, లేదా సాఫ్ట్‌వేర్‌లో మిడి త్రూను (వచ్చిన నోటును తిప్పి పంపే ఏర్పాటు) ఆపండి.

డప్పు దెబ్బల సంగతి. పంపవచ్చు, దానికోసం శాంపిల్ డంప్ స్టాండర్డ్ అని ఒక పద్ధతే ఉంది. కాని లెక్క చూశాక మీరే వద్దంటారు. మిడిలో డేటా బైట్‌కు ఏడు బిట్లే వాడుకోవాలి, ఎనిమిదోది సున్నాగా ఉండాలి. అందుకని ఒక్కో 16 బిట్ల శాంపిల్‌కు మూడు బైట్లు పోతాయి. 127 బైట్ల ప్యాకెట్‌లో 120 బైట్ల డేటా, అంటే 40 శాంపిళ్లు. ఒక్క సెకను మోనో శబ్దానికి 44,100 శాంపిళ్లు, 1,103 ప్యాకెట్లు, లక్షా నలభై వేల బైట్లు. సమయం 45 సెకన్లు. ఇది కూడా రెండు తీగలూ పెట్టి, ప్రతి ప్యాకెట్‌కూ అందింది అని శాంప్లర్ వెంటనే జవాబు చెబితేనే. వెనక్కి వచ్చే తీగ పెట్టకపోతే పంపేవాడు జవాబు కోసం ప్రతి ప్యాకెట్ దగ్గరా 20 మిల్లీసెకన్లు ఎదురుచూస్తాడు, అప్పుడు సెకను డప్పుకు నిమిషం దాటుతుంది. శాంపిల్ డంప్ మరీ నెమ్మది అని తిట్టుకునేవారిలో చాలామంది రెండో తీగ పెట్టనివారే.

ఒక్క దెబ్బ, సెకనులో మూడో వంతు ఉండేది, మొదట్లో చివర్లో నిశ్శబ్దం కత్తిరించి, మోనో చేసి, 22 కిలోహెర్ట్జ్‌కు దించి పంపితే ఏడెనిమిది సెకన్లలో ఎక్కుతుంది. కాని డప్పు ప్రాణం ఉండేది సన్నపుల్ల తోలును తాకిన క్షణంలోని ఆ పదునైన చప్పుడులో. 22కు దించితే 11 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోయి ఆ పదును మొద్దుబారుతుంది. సన్నపుల్ల దెబ్బకు దించకండి, పెద్ద దెబ్బకు దించినా పరవాలేదు. పూర్తి బతుకమ్మ పాట ట్రాకు పంపాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఆ శాంప్లర్‌కు ఫ్లాపీ, స్కజీ (పాత డిస్కులను కలిపే పోర్టు), మెమరీ కార్డు, ఏ దారి ఉన్నా మిడి కన్నా మేలు.

బ్యాకప్ మాత్రం ఆలస్యం చేయకండి. ఆ తరం కీబోర్డుల్లో టోన్లను కాపాడేది లోపలి లిథియం సెల్, ఎక్కువగా సీఆర్2032. అది అయిపోయిన రోజు మీరు చేసుకున్న టోన్లన్నీ చెరిగిపోతాయి. సెల్ మార్చడానికి ముందే డంప్ తీసి ఉంచుకోవాలి. కొన్నింట్లో సెల్‌ను బోర్డుకు సోల్డర్ చేసి ఉంటారు, అలాంటప్పుడు చేయి తిరిగినవారికే ఇవ్వండి. తిరిగి ఎక్కించే పనిని కరెంటు పోయే అవకాశం ఉన్న వేళ పెట్టుకోకండి, కీబోర్డును ఇన్వర్టర్ మీద ఉంచండి. ఎక్కాక మళ్లీ ఒకసారి డంప్ తెప్పించుకుని ఆ ఫైలును మొదటిదానితో పోల్చి చూడండి.

ముందు విరామం సెట్టింగు సరిచేసి, తర్వాత వైరు ముక్కల పరీక్ష చేయండి. అప్పటికీ కుదరకపోతే కీబోర్డు మోడల్, వెనక్కి వచ్చిన బైట్ల సంఖ్య, పట్టిన సెకన్లు రాయండి, అక్కడి నుంచి చూద్దాం.